నర్సమ్మకు మనము కొలువవలసిన మేర

కోత ముగిసి కళ్లము నూర్చిన పిమ్మట ధాన్యము ఇల్లు చేరకమునుపే కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి మేర కొలుచుట మన పల్లెలలో తరతరములుగా సాగిన మర్యాద. ఆ యాచారములో ఎక్కువ తక్కువల భేదములు చేరి అనేకులకు కష్టము కలిగించినవి. అవి పోవలసినవే, చాలవరకు పోయినవి. అయినను ఆ మర్యాదలో నొక న్యాయము కలదు. కర్రు కాల్చి యిచ్చిన కమ్మరి పొలములో అడుగు పెట్టకపోయినను పంటలో అతని చేయి యున్నదని రైతు ఎరుగును. ఆ యెరుకకే మేర యని పేరు.

నేడు మన యింట నొకరికి ప్రాణము మీదికి వచ్చినపుడు రాత్రియంతయు మేలుకొని కనిపెట్టుకొని యుండి, పంట పండించు మనిషినే తిరిగి మన చేతికి అప్పగించు పనివారు కలరు. వారికి ఏ కళ్లములోను మేర లేదు. వారి పేరైనను మనలో పెక్కుమందికి తెలియదు. వారు ఆసుపత్రి నర్సులు. రోగి లేచి తిరిగినంతనే “దేవుడు చల్లగా చూచినాడు, డాక్టరుగారు బ్రతికించినారు” అని చెప్పుకొందుము. ఆ రెండు మాటలును సత్యములే. మూడవ మాట మాత్రము మన నోటికి రాదు. ఆ మూడవ మాటను గూర్చియే ఈ నెల మన సంఘ సభ్యులతో ముచ్చటింపదలచితిమి.

వైద్యుడు రోగిని పరీక్షించి యే మందు, ఎంత, ఎప్పుడు అని నిర్ణయించును. ఆ నిర్ణయము అర్ధరాత్రి రెండు గంటలకును తప్పక జరుగునట్లు చూచునది నర్సు. నాడి, ఉష్ణము, రక్తపుపోటు, నిమిషమునకు ఎన్ని శ్వాసలు, ఎంత నీరు లోనికి పోయినది, ఎంత బయటికి వచ్చినది — ఇవన్నియు గంట గంటకు కాగితముపై ఎక్కించును. కదలలేని రోగిని రెండేసి గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పును. త్రిప్పనియెడల వీపు ఒరిసి పుండ్లు పడును. నోరు శుభ్రము చేయును, పడకబట్టలు మార్చును. తేడా కనబడినంతనే వైద్యుని పిలుచును. ఇందులో నేదియు చూపరులకు గొప్ప కార్యముగా తోచదు. నారుమడికి పొద్దున పెట్టిన నీరు సాయంకాలము తీసివేయు రైతు పనియు చూపరులకు గొప్పగా తోచదు; ఆ పని తప్పినప్పుడే దాని విలువ తెలియును.

సంగారెడ్డి నుండి హైదరాబాదు పోవు పెద్దబాట మన సభ్యులలో పలువురకు పరిచితమే. పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాటు పరిశోధన క్షేత్రము, తరువాత రామచంద్రాపురము, లింగంపల్లి, ఆపైన చందానగరము. మెట్ట పంటలను గూర్చిన విత్తన జ్ఞానము ఆ బాటనే పల్లెలకు పోవుచున్నది. పల్లెల నుండి రోగులు ఆ బాటనే నగరమునకు వచ్చుచున్నారు. చందానగరమును, దాని చుట్టుపట్టులును ఒకప్పుడు మన ఊళ్ల వంటివే. 1998లో మాదాపురమున సైబరు టవర్సు తెరచిన తరువాత ఆ ప్రాంతమంతయు కంప్యూటరు కంపెనీల వాడయైనది. పల్లెల నుండి పనికి పోయిన మన బిడ్డలు వేలకొలది అక్కడ కాపురము చేయుచున్నారు. అందుచేత ఊరిలో తండ్రికి జబ్బు చేసిన యెడల కొడుకు ఉన్న చందానగరమునకు తీసికొనిపోవుట నేటి పరిపాటి.

మేమెరిగిన యొక కుటుంబము సంగతి యిట్టిదే. వారి పేర్లును, ఆసుపత్రి పేరును ఇచ్చట వ్రాయుట లేదు. తండ్రి నాలుగెకరముల పత్తి రైతు. కొడుకు చందానగరములో అద్దె యింట నుండి కంపెనీ ఉద్యోగులను చేరవేయు కారు నడుపును. ఒకనాడు తండ్రి పొద్దు పొడిచినది మొదలు మధ్యాహ్నము దాటువరకు పత్తికి పురుగుమందు కొట్టెను. వీపున నున్న పంపు మూత వద్ద కారి అంగీ అంతయు తడిసెను. చేతులకు తొడుగులు లేవు. ఆ తడిసిన అంగీతోనే గట్టు మీద కూర్చుండి సద్ది తినెను. సాయంకాలమునకు చెమటలు క్రమ్మి, నోట చొంగ కారి, ఆయాసము పుట్టి, కండలు అదరసాగెను. ఇరుగు పొరుగువారు ఎండదెబ్బ యనుకొనిరి. కొడుకు రాత్రికి రాత్రి వచ్చి చందానగరము దగ్గరి యాసుపత్రికి చేర్చెను.

అది ఆర్గనోఫాస్ఫేటు జాతి మందు. ఆ విషము నరములకును కండరములకును నడుమ జరుగవలసిన పనిని చెరచును. కనుపాపలు సూదిమొనవలె చిన్నవగును. ఊపిరితిత్తులలో నీరు ఊరును. దీనికి అట్రోపిను అను మందు విరుగుడు. దానిని ఒక్కసారి యిచ్చి ఊరకుండుట చాలదు. రొమ్ములో గురగుర తగ్గువరకు అయిదేసి నిమిషములకొకమారు మోతాదును రెట్టింపు చేయుచు ఇయ్యవలెను. ఆ మీదట సన్నని ధారగా గంటల తరబడి ఎక్కింపవలెను. తక్కువైనచో ఊపిరాడదు, ఎక్కువైనచో జ్వరము తగిలి రోగి పిచ్చి మాటలాడును. ఈ రెండు గట్ల నడుమ నీరు పారించునట్లు మందును పారించుటకు ప్రక్కన మనిషి యుండి తీరవలెను. ఆ మనిషి నర్సు.

మరునాటికి పెద్దాయన కన్నులు తెరచి మాటలాడెను. ఇంటివారు గండము గడచినదని తలచిరి. కొడుకు పనికి పోయెను. ఆ రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు మాత్రము గంట గంటకు ఆయనను లేపి, “పెద్దయ్యా, దిండు మీదికెల్లి తల జర లేపుండ్రి” అని అడుగుచునే యుండెను. ఇంటి యిల్లాలికి ఇది విసుగు పుట్టించెను. “మనిషిని కన్ను మూయనిస్తలేదు, గిదేం నర్సమ్మ” అని ప్రక్క మంచము వారితో చెప్పుకొనెను. మరునాడు ఆ మాట వార్డులోని పెద్దనర్సు దాక పోయెను. ఆమె వచ్చి ఏదియో సర్దిచెప్పి పోయెను. మూడవ రాత్రియు ఆ అమ్మాయి అట్లే లేపుచుండెను.

అట్లు లేపుటకు కారణము కలదు. ఈ జాతి విషములో మొదటి గండము గడచిన తరువాత, ఒక దినము మొదలు నాలుగు దినముల లోపల రెండవ గండము రావచ్చును. దానిని 1987లో శ్రీలంక వైద్యులిద్దరు విడిగా గుర్తించి వర్ణించిరి. రోగి తెలివిగానే యుండును, మాటలాడుచుండును. కాని మెడ కండరములు మొదట సడలును, తరువాత ఊపిరి తీయు కండరములు సడలును. అట్రోపినుతో ఇది నయము కాదు. వేళకు గొంతులో గొట్టము వేసి శ్వాసయంత్రముపై ఉంచినచో కొన్ని దినములలో కండరములు తమంతట తాము కోలుకొనును. వేళ తప్పినచో నిద్రపోవుచున్నాడనుకొనుచుండగనే మనిషి పోవును. మెడ సడలుటను కనిపెట్టుటకు దిండు మీది నుండి తల ఎత్తుమనుటకు మించిన సులభమైన పరీక్ష లేదు. దానికి పరికరము అక్కరలేదు. గంట గంటకు వచ్చి యడుగు ఓపిక కావలెను.

మూడవ రాత్రి రెండు గంటల వేళ ఆమె యెప్పటివలె అడిగెను. పెద్దాయన సరే యనెను గాని తల లేవలేదు. శ్వాసలు లెక్కింపగా నిమిషమునకు ముప్పదికి పైబడి, పైపైననే ఆడుచుండెను. ఆమె పరుగున పోయి డాక్టరును లేపుకొని వచ్చెను. గొట్టము వేసి వెంటిలేటరుపై ఉంచిరి. తొమ్మిది దినములు ఆ యంత్రమే ఆయనకు ఊపిరి తీసెను. ఆ తొమ్మిది దినములును గొట్టములో చేరిన కఫమును తీయుట, నోరు కడుగుట, ప్రక్కకు త్రిప్పుట, మాటలాడలేని మనిషి కంటి సైగను గ్రహించుట నర్సులు వంతులవారిగా చేసిరి. పదవనాడు గొట్టము తీసిరి. పెద్దాయన మూడు వారములకు ఇల్లు చేరెను.

ఇంటికి పోవునాడు ఇల్లాలు కొంగు ముడిలోని అయిదువందల నోట్లు కొన్ని తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టబోయెను. ఆమె వద్దనెను. చీర తెత్తుమనగా అదియు వద్దనెను. “నీకేమియ్యాలె బిడ్డా?” అని ముసలామె కంట తడి పెట్టగా, “మందు కొట్టేటప్పుడు గ్లౌజులు ఏయించు పెద్దమ్మా, గంతే” అని చెప్పి మరియొక మంచము వద్దకు పోయెనట. ఊరికి వచ్చిన తరువాత ఆ దంపతులు మమ్ము పిలిపించి, “ఆ పిల్లను అన్న మాటలు మా కడుపులో కలుక్కుమంటున్నయి. పైస తీసుకోదు, చీర తీసుకోదు. ఇగ ఎట్ల?” అని యడిగిరి. ఈ ప్రశ్న వారిది మాత్రమే కాదు, మన యందరిది.

ఇట్టి ప్రశ్న మన దేశములో పూర్వమును పుట్టినది. అమెరికా లూథరను మిషను పక్షమున 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా సారా కూగ్లరు అచ్చట 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరచి, 1930లో మరణించువరకు ఆ పట్టణముననే సేవ చేసిరి. ఏలూరు జమీందారు రాజా మంత్రిప్రెగడ భుజంగరావు గారి రాణికి ఆమె చికిత్స చేయగా ఆ కుటుంబమునకు మేలు కలిగెను. రాజాగారు తమ కృతజ్ఞతను వైద్యురాలి చేతిలో బంగారముగా పెట్టి తృప్తి పడలేదు. ఆసుపత్రికి వచ్చు రోగుల బంధువులు తల దాచుకొని వండుకొని తినుటకు దాని చెంతనే యొక సత్రము కట్టించిరి. తమకు కలిగిన మేలు తమతో ఆగక, వెనుక వచ్చువారికి ముందుకు పారునట్లు కాలువ త్రవ్వినారన్న మాట. కృతజ్ఞతకు ఇది మంచి మార్గమని మా యభిప్రాయము.

కాలువ మాట వచ్చినది గనుక మరియొక సంగతి చెప్పుదుము. నర్సు వృత్తికి నేటి రూపము నిచ్చిన ఫ్లారెన్సు నైటింగేలు 1820 మే 12న పుట్టినది. ఆ దినమే నేడు లోకమంతట నర్సుల దినముగా జరుపబడుచున్నది. 1854లో క్రిమియా యుద్ధములో గాయపడిన సిపాయిలకు ఉపచారము చేసి, 1860లో లండనులో నర్సులకు శిక్షణాలయము నెలకొల్పినది. ఆమె మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను భారతదేశపు రైతుల కరవులను గూర్చియు, నీటిపారుదలను గూర్చియు ఏండ్ల తరబడి వ్రాయుచు, ధవళేశ్వరము ఆనకట్టను 1852 నాటికి పూర్తిగావించిన సర్ ఆర్థరు కాటను దొరతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపినది. రోగి మంచము ప్రక్క లెక్క వ్రాయు చేయియు, రైతు పొలమునకు నీరు కావలెనని వ్రాసిన చేయియు ఒక్కటే. మన వార్డులలో నర్సు గంట గంటకు నింపు కాగితము ఆమె నాటిన అలవాటు ఫలమే.

ఇక మనము చేయదగిన పనులు చెప్పుదుము.

మొదటిది ఉత్తరము. ఆ దంపతులు చెప్పగా మేము ఆసుపత్రి సూపరింటెండెంటు పేర ఒక ఉత్తరము వ్రాసి యిచ్చితిమి. అందులో పొగడ్త లేదు. ఏ తేదీన, ఏ వార్డులో, ఏ మంచము వద్ద, రాత్రి ఎన్ని గంటలకు, ఏ నర్సు ఏమి కనిపెట్టి ఏమి చేసినది, దాని ఫలమేమి యని మాత్రమే యున్నది. ఆమెపై తాము చెప్పిన మాట తెలియక చెప్పినదని ఇల్లాలు తానే ఒక వాక్యము చేర్పించి వ్రేలిముద్ర వేసెను. దాని నకలొకటి ఆ నర్సునకును పంపితిమి. నోటు ఖర్చయిపోవును, చీర చినిగిపోవును, పై యధికారి దస్త్రములో చేరిన కాగితము ఆమె ఉద్యోగమునకు ఊత యగును. చదువు రాని సభ్యులు మమ్మడిగినను, సంఘ కార్యదర్శి నడిగినను ఇట్టి యుత్తరము వ్రాసి పెట్టుదుము.

రెండవది వార్డులో మన నడవడి. మంచము చుట్టును పదిమంది గుమిగూడరాదు. రోగిని తాకుటకు ముందు సబ్బుతో చేతులు కడుగవలెను. గొట్టము ద్వారా ఆహారమిచ్చు రోగికి చాటుగా పాలు, కొబ్బరినీళ్లు నోట పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయవచ్చును. నర్సు అడిగినదానికి సత్యము చెప్పవలెను. ఏ మందు, ఎంత సేపు, ఎట్లు లోనికి పోయినది యనునది దాచరాదు. మనసు చెదరి తానే త్రాగినవాడని చెప్పిన పోలీసులు కేసు పెట్టుదురను భయముతో కొందరు దాచుదురు. అట్టివాడు తీవ్రమైన మనోవేదనలో నుండెనని భావించి శిక్షింపరాదని 2017 నాటి మానసికారోగ్య చట్టము చెప్పుచున్నది. సత్యము దాచిన యెడల నర్సు చేతిలోని దీపమును మనమే ఆర్పినవారమగుదుము.

మూడవది ఆ అమ్మాయి కోరినదే. మందు డబ్బాపై నున్న త్రికోణపు గుర్తును చూడుడు. ఎరుపు అత్యంత విషము, పసుపు తీవ్ర విషము, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. ఫోరేటు, ట్రయజోఫాసు, డైక్లోరోవాసు మొదలగునవి 2018 నాటి ఉత్తరువు ప్రకారము 2020 డిసెంబరు 31 నుండి నిషేధింపబడినవి. పాత డబ్బాలు ఇంట నున్న యెడల వాడరాదు. కారు పంపును బాగుచేయించనిదే వీపున వేసికొనరాదు. తొడుగులు, మూతిగుడ్డ, నిండు చేతుల అంగీ ధరించి గాలివాలున కొట్టవలెను. కొట్టిన తరువాత స్నానము చేసి బట్టలు మార్చి గాని తినరాదు, చుట్ట బీడీ త్రాగరాదు. ఒకవేళ విషము తగిలినట్లు తోచిన యెడల తడిసిన బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, బలవంతముగా వాంతి చేయింపక, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్పుడు. 108కి ఫోను చేసినచో బండి వచ్చును. కడుగువారును తమ చేతులకు తొడుగులు వేసికొనవలెను. ఖాళీ కానిచ్చిన ప్రతి మంచము వలన ఆ నర్సునకు మరియొక రోగిని చూచుటకు తీరిక కలుగును.

నాలుగవది నర్సు బ్రతుకు తెరువును గూర్చి మనము తెలిసికొనుట. ఇంటరు ముగిసిన తరువాత మూడేండ్ల జి.ఎన్.ఎం. చదువో, నాలుగేండ్ల బి.ఎస్సీ. చదువో చదివి ఆమె ఈ పనికి వచ్చును. ప్రైవేటు ఆసుపత్రులలో నర్సుల జీతములను గూర్చి విచారింపుమని సర్వోన్నత న్యాయస్థానము 2016లో ఆదేశింపగా, కేంద్ర ప్రభుత్వపు కమిటీ 50 పడకల లోపు చోట్ల సయితము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనియు, 200 పడకలకు మించిన చోట ప్రభుత్వ నర్సులతో సమానముగా ఇయ్యవలెననియు సిఫారసు చేసినది. సిఫారసునకును, చేతికి వచ్చు సొమ్మునకును నడుమ నెంత దూరమో మద్దతు ధర నెరిగిన రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. కష్టమునకు తగిన ధర కావలెనని మనము అడుగునప్పుడు, మన ప్రాణము కాచినవారి పక్షమునను ఆ మాటయే అడుగుట ధర్మము.

తుదకు సంఘము చేయదగినది. నిబంధనలు అనుమతించినంత వరకు ఉమ్మడి మేలు నిధి నుండి యేటేట మన సభ్యుల బిడ్డలలో నొక్కరికి నర్సు చదువునకు పుస్తకముల ఖర్చో, హాస్టలు ఖర్చో ఇయ్యవచ్చును. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకును ఈ వృత్తి తగినదే. రోగిని కడుగుట తక్కువ పని యని యింకను తలచు పెద్దలు కొందరు కలరు. పేడ చేత పట్టనివాడు సేద్యము చేయలేడని యెరిగిన మనము అట్లు తలచుట చెల్లదు.

రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ విషయము చర్చకు పెట్టవలసినదిగా కార్యదర్శి గారిని కోరితిమి. ఆ దంపతులును వత్తుమని చెప్పినారు. పెద్దాయన ఈ యేడు మూడెకరములలో కంది వేసి, ఒక్క యెకరములో మాత్రము పత్తి పెట్టినాడు. గ్లౌజులు రెండు జతలు కొన్నాడు. పంపునకు క్రొత్త మూత వేయించినాడు. సభ్యులు తమ యిండ్లలో ఇట్టి మేలు పొందినవారుండిన యెడల ఆ నర్సు పేరు, ఆసుపత్రి, తేదీ వ్రాసికొని సమావేశమునకు రావలసినదని ప్రార్థించుచున్నాము. ఉత్తరములు ఆనాడే అక్కడనే వ్రాసి పంపుదము.